రెండో బిళ్ళ ఎవరికి, ఎప్పటివరకు? విశాఖ వైద్యులకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలో పక్షవాత రోగులకు వైద్యం చేసే డాక్టర్లకు, ఆసుపత్రుల నిర్వాహకులకు, వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను పూర్ణా మార్కెట్ దగ్గర ఇరవై రెండేళ్ళుగా మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టును. మీరు రాసే చీటీలు పొద్దున్నుంచి రాత్రి దాకా నా చేతుల మీదుగా వెళ్తాయి. ఓపీలో మీ ముందు ఎంతమంది బారులు తీరి ఉంటారో నాకు తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

ఈ లేఖ పక్షవాతం వచ్చినవారికి మీరు రాసే రెండు బిళ్ళల గురించి. ఒకటి ఆస్పిరిన్, రెండోది క్లోపిడోగ్రెల్. జనం వీటిని రక్తం పలచబడే బిళ్ళలు అంటారు. ఈ రెండూ కలిపి వాడితే ఎవరికి మేలు, ఎవరికి చేటు, ఎన్నాళ్ళు వాడాలి అన్నది గత ఇరవై ఏళ్ళలో వైద్యశాస్త్రం చాలావరకు తేల్చింది. తేలిన ఆ సంగతి చీటీ మీదకు రావడం లేదు. రోగికి చేరడం లేదు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నాన్నగారికి డెబ్బై ఒక్క ఏళ్ళు. రెండేళ్ళ కిందట ఒక ఉదయం కాఫీ గ్లాసు ఆయన కుడి చేతిలోంచి జారిపోయింది. వంగి తీయబోతే వేళ్ళకు పట్టు చిక్కలేదు. "ఏమైంది నాన్నా" అంటే జవాబు ముద్ద ముద్దగా వచ్చింది. గంటలో ఆసుపత్రిలో ఉన్నాం. స్కాన్‌లో రక్తస్రావం లేదు, చిన్న స్ట్రోక్ అన్నారు. వెంటనే రెండు మందులూ మొదలుపెట్టారు. మూడో రోజుకు చొక్కా గుండీలు తనే పెట్టుకున్నారు. ఆ నిర్ణయం నూటికి నూరుపాళ్ళు సరైనది. ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరుకు మా కుటుంబం ఋణపడి ఉంది.

డిశ్చార్జి కాగితంలో మాత్రం మందుల పేర్ల కింద ఒకే వాక్యం ఉంది: ఇవే కొనసాగించాలి. ఎప్పటివరకో లేదు. ఆ తర్వాత మూడుసార్లు చూపించాం. ప్రతిసారీ బీపీ చూసి అవే వాడమన్నారు. ఏడాది గడిచాక మోకాళ్ళ నొప్పులకు మరో డాక్టరు నొప్పి బిళ్ళ రాశారు. పదహారో నెలలో ఒక రాత్రి నాన్నగారు బాత్రూంలో కళ్ళు తిరిగి కూలబడిపోయారు. విరేచనం తారులా నల్లగా అయింది. కడుపులో పుండు పడి లోలోపల రక్తం పోతోందని తేలింది. హిమోగ్లోబిన్ ఆరుకు దిగింది. మూడు యూనిట్ల రక్తం ఎక్కించారు. బతికారు. కానీ ఇప్పుడు ఏ బిళ్ళను చూసినా చేయి వెనక్కి తీసుకుంటున్నారు. బీపీ బిళ్ళ వేయడానికి కూడా రోజూ అమ్మ బతిమాలవలసి వస్తోంది.

ఆ పదహారు నెలలూ, రెండు మందులూ కలిపి ఉన్న క్యాప్సూల్ షీటును ప్రతి నెలా నా చేత్తోనే నాన్నగారికి అందించాను. చీటీలో ఉన్నదాన్ని మార్చే అధికారం నాకు లేదు. అడిగే నోరు ఉంది. అడగలేదు. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను.

ఆసుపత్రికి ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో అర్జీ ఇస్తే రసీదు ఇచ్చారు. ఎనిమిది నెలలైంది. ఆ రసీదు నా గల్లాపెట్టెలోనే ఉంది. ఏ ఒక్కరినీ బోనెక్కించాలని నాకు లేదు కనుక పేర్లు రాయడం లేదు. ఇది ఒక ఆసుపత్రిలో ఒక డాక్టరు చేసిన తప్పు కాదు. తేదీ లేని చీటీలు నా దుకాణానికి అన్ని వైపుల నుంచీ వస్తున్నాయి.

ఇంకో మనిషి సంగతి కూడా చెప్పాలి. చేపల రేవులో బోటు మీద పనిచేసేవారు, యాభై రెండేళ్ళు. ఒక మధ్యాహ్నం వల లాగుతుండగా ఎడమ చెయ్యి ఇరవై నిమిషాల పాటు చచ్చుబడి, మళ్ళీ మామూలైంది. దగ్గరలోని క్లినిక్‌లో నీరసమని చెప్పి బలానికి ఇంజెక్షన్ చేసి పంపారు. విటమిన్ బిళ్ళల కోసం నా దగ్గరకు వచ్చారు. బీపీ చూస్తే 160/100 ఉంది. పెద్దాసుపత్రికి వెళ్ళమని గట్టిగానే చెప్పాను. "ఇప్పుడు బాగానే ఉంది కదక్కా" అని చెయ్యి పైకెత్తి చూపించి వెళ్ళిపోయారు. మూడో రోజు ఎడమ వైపంతా పడిపోయింది. బంధువులు పావురం రక్తం మర్దన కూడా చేయించారు. ఇప్పుడు ఆయన భార్య తెల్లవారుజామున రేవులో రొయ్యలు ఒలిచే పనికి పోతోంది. ఆయన గుమ్మంలో కుర్చీలో కూర్చుని ఉంటున్నారు.

నాన్నగారికి ఎక్కువైన మందు ఆయనకు అందనే లేదు. నా బాధంతా ఈ రెండింటి మధ్యే ఉంది.

మీకు తెలిసిన విషయాలే అయినా, ఈ లేఖ చదివే మామూలు జనం కోసం కొన్ని వాస్తవాలు రాస్తున్నాను. మెదడుకు వెళ్ళే రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పొర పగిలితే ఆ పుండు మీద ప్లేట్‌లెట్లు అతుక్కుని గడ్డ కడుతుంది. ప్లేట్‌లెట్లు అలా అతుక్కునే దారుల్లో ఒకదాన్ని ఆస్పిరిన్ మూస్తుంది, ఇంకోదాన్ని క్లోపిడోగ్రెల్ మూస్తుంది. పుండు పచ్చిగా ఉండే మొదటి రోజుల్లోనే మళ్ళీ స్ట్రోక్ వచ్చే ముప్పు బాగా ఎక్కువ. రెండో మందు అవసరం కూడా అప్పుడే.

చైనాలో 5,170 మందితో జరిగి 2013లో వెలువడిన ఛాన్స్ పరిశోధన దీన్ని చూపించింది. చిన్న స్ట్రోక్ గానీ, ముప్పు ఎక్కువున్న మినీ స్ట్రోక్ (లక్షణాలు కాసేపట్లో వాటంతటవే తగ్గిపోయేది) గానీ వచ్చిన 24 గంటల్లోపు వైద్యం మొదలైనవారినే అందులో తీసుకున్నారు. ఆస్పిరిన్ ఒక్కటే వాడినవారిలో మూడు నెలల్లో 11.7 శాతం మందికి మళ్ళీ స్ట్రోక్ వచ్చింది. మొదటి 21 రోజులు రెండూ వాడి, ఆ తర్వాత క్లోపిడోగ్రెల్ ఒక్కటే కొనసాగించినవారిలో అది 8.2 శాతం. పెద్ద రక్తస్రావాలు రెండు వైపులా సమానమే. 2018లో వచ్చిన పాయింట్ పరిశోధనలో 4,881 మంది ఉన్నారు. అక్కడ రెండు మందులనూ 90 రోజుల పాటు ఇచ్చారు. వెయ్యి మందికి ఇస్తే 15 మందికి గడ్డల వల్ల వచ్చే పెద్ద ముప్పు తప్పింది, 5 మందికి పెద్ద రక్తస్రావం అదనంగా జరిగింది. ఈ రెండు పరిశోధనల లెక్కలూ కలిపి చూస్తే లాభం దాదాపు అంతా మొదటి మూడు వారాల్లోనే ఉంది. రక్తం పోయే ముప్పు మాత్రం మందు వాడినన్నాళ్ళూ వెంటే ఉంటుంది.

ఏళ్ళ తరబడి వాడితే ఏమవుతుందో కూడా తెలుసు. మెదడు లోతుల్లోని సన్నటి నాళాలు మూసుకుపోయి స్ట్రోక్ వచ్చిన 3,020 మందిని మూడేళ్ళకు పైగా గమనించిన పరిశోధన 2012లో వచ్చింది. రెండో మందు చేర్చినందువల్ల స్ట్రోక్‌లు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. పెద్ద రక్తస్రావాలు ఏడాదికి 1.1 శాతం నుంచి 2.1 శాతానికి పెరిగాయి. మరణాలు ఒక మందు వాడినవారిలో 77, రెండు వాడినవారిలో 113. అమెరికా వైద్య సంఘాల 2021 మార్గదర్శకాలు 21 నుంచి 90 రోజులు రెండూ వాడి తర్వాత ఒకదానికి రమ్మంటాయి. 90 రోజులు దాటితే హాని అని స్పష్టంగా రాశాయి. నాన్నగారు వాడింది 480 రోజులు.

ఇక ఎవరికి మేలు చేస్తుందో ముందుగా పోల్చుకోవడం. బోటు మనిషి సంగతి వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. మినీ స్ట్రోక్‌కు మీరు వాడే ఏబీసీడీ2 అనే లెక్కలో వయసు అరవై లేదా ఆపైన ఉంటే 1, బీపీ 140/90 లేదా అంతకు మించి ఉంటే 1, శరీరంలో ఒక వైపు బలం తగ్గితే 2, బలం తగ్గకుండా మాట మాత్రమే తడబడితే 1, లక్షణాలు గంట లేదా ఆపైన ఉంటే 2, పది నిమిషాల నుంచి గంటలోపు ఉంటే 1, సుగర్ ఉంటే 1. ఆయనకు అరవై రాలేదు, సుగర్ లేదు. బీపీకి 1, చేతికి 2, ఇరవై నిమిషాలకు 1. మొత్తం 4. ఛాన్స్ పరిశోధనలో ముప్పు ఎక్కువని గీసిన గీత సరిగ్గా 4 దగ్గరే ఉంది. అంటే విటమిన్ బిళ్ళలు అడుగుతూ నా కౌంటరు ముందు నిలబడిన ఆ మనిషి రెండు మందులూ దక్కవలసిన మనిషి. ఆ లెక్కకు పట్టేది రెండు నిమిషాలు.

ఈ లెక్క ఒక్కటే చాలదని నాకూ తెలుసు. గుండె లయ తప్పిందో, మెడలోనో మెదడులోనో పెద్ద నాళం సన్నబడిందో ఆ అంకె చెప్పదు. అందుకు ఈసీజీ, స్కాన్, మెడ నాళాల్లో రక్తం పారే తీరు చూసే డాప్లర్ కావాలి. మందు పనిచేయడంలో మనిషికీ మనిషికీ తేడా కూడా ఉంది. క్లోపిడోగ్రెల్ కాలేయంలో ఒక ఎంజైమ్ చేతిలో మారితేనే మందవుతుంది. ఆ ఎంజైమ్ మందగించిన జన్యువు ఉన్నవారు మన దేశంలోనూ తక్కువేమీ కాదు. ఛాన్స్ పరిశోధనలో జన్యువులు పరీక్షించిన 2,933 మందిలో సగానికి పైగా అలాంటివారే. వారిలో రెండో మందు వల్ల ఒరిగింది స్వల్పం. జన్యువు మామూలుగా ఉన్నవారిలో స్ట్రోక్‌లు 12.4 శాతం నుంచి 6.7 శాతానికి తగ్గాయి. అందరికీ జన్యు పరీక్ష చేయమని నేను అడగడం లేదు. రెండు బిళ్ళలూ తప్పకుండా వేసుకుంటూ కూడా రెండోసారి పడిపోయినవారి విషయంలోనైనా ఈ సంగతి ఆలోచించమని కోరుతున్నాను.

ఇప్పుడు నా విన్నపాలు.

1. రెండు మందులు రాసిన ప్రతి రోగికీ తెలుగులో నాలుగు గళ్ళ కాగితం ఇవ్వండి. ఏ రకం స్ట్రోక్, ఏ తేదీన వచ్చింది, రెండో బిళ్ళ ఏ తేదీన ఆపాలి, ఆ తర్వాత ఆగకుండా వాడవలసిన బిళ్ళ ఏది. ఇంతే. శ్రీకాకుళం నుంచో సాలూరు నుంచో వచ్చిన మనిషి మళ్ళీ మీ దగ్గరకు ఎప్పుడు రాగలడో చెప్పలేం. ఊళ్ళో దుకాణంలో అదే చీటీ చూపించి ఏళ్ళ తరబడి అవే మందులు కొంటాడు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. రాసి ఇవ్వకపోతే ఎవరో ఏదో చెప్పారని రెండూ ఒకేసారి మానేస్తారు, నెల తిరగకుండా మంచాన పడతారు. ఈ లేఖ చదువుతున్న రోగులను చేతులెత్తి వేడుకుంటున్నాను: మీ అంతట మీరు ఏ బిళ్ళా ఆపకండి. గుండెలో స్టెంట్ వేయించుకున్నవారి లెక్క వేరు, వారు రెండు మందులూ ఎక్కువ కాలం వాడవలసి ఉంటుంది. వెళ్ళి మీ డాక్టరును ఒకే ప్రశ్న అడగండి: నాకు రెండూ ఎప్పటివరకు?

2. మొదటి వారాల్లో రెండు మందులనూ విడివిడి బిళ్ళలుగానే రాయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నా కౌంటరు వెనక నుంచి చూస్తే ఇదే అన్నిటికంటే పెద్దది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపిన క్యాప్సూల్స్ ఉన్నాయి, కొలెస్ట్రాల్ మందు కూడా కలిపినవి ఉన్నాయి. రోగి చేతిలో కనిపించేది ఒకే గొట్టం. లోపల రెండు మందులున్నాయని ఆయనకు తెలియదు. తెలియనిదాన్ని ఆపడం ఎలా? తర్వాత చూసిన డాక్టరు కూడా బ్రాండు పేరు చూసి ఒకే మందు అనుకునే అవకాశం ఉంది. విడిగా ఉంటే "ఈ ఎర్ర బిళ్ళ దీపావళితో ఆపేయాలి" అని అమ్మమ్మ కూడా గుర్తుపెట్టుకుంటుంది.

3. తగ్గిపోయిందని వచ్చినవారిని వెనక్కి పంపకండి. మూతి వంకర పోయి సర్దుకున్నా, చెయ్యి పడిపోయి లేచినా, మాట పోయి తిరిగొచ్చినా అదే రోజు సీటీ స్కాన్, ఈసీజీ జరగాలి. ఏబీసీడీ2 పట్టికను తెలుగులో అచ్చువేసి ప్రతి క్లినిక్‌కు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, గ్రామీణ వైద్యులకు ఇవ్వాలి. పాడేరు నుంచి విశాఖకు ఘాట్ రోడ్డు మీదుగా వంద కిలోమీటర్లకు పైగా రావాలి. అలా వచ్చేవారిని రెండు మూడు చోట్ల తిప్పకుండా స్కాన్ ఉన్న ఆసుపత్రికే 108 తీసుకువెళ్ళేలా చూడాలి. స్కాన్ తీయకముందే ఎవరూ ఈ బిళ్ళలు వేయకూడదు. పక్షవాతం మెదడులో రక్తనాళం చిట్లి కూడా వస్తుంది, అప్పుడు ఇవే బిళ్ళలు ప్రాణం తీస్తాయి. ఆలస్యంగా వచ్చారని వదిలేయవద్దు కూడా. 6,100 మందితో జరిగి 2023లో వెలువడిన ఇన్‌స్పైర్స్ పరిశోధనలో, నాళాల్లో కొవ్వు పేరుకోవడం వల్ల చిన్న స్ట్రోక్ వచ్చినవారికి 72 గంటల్లోపు మొదలుపెట్టినా మళ్ళీ స్ట్రోక్ రావడం 9.2 శాతం నుంచి 7.3 శాతానికి తగ్గింది. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన రక్తస్రావం 0.4 నుంచి 0.9 శాతానికి పెరిగింది. అందుకే మనిషిని చూసి నిర్ణయించాలి.

4. గుండె లయ తప్పినవారికి (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) ఈ రెండు బిళ్ళలతో సరిపెట్టవద్దు. 2006లో వచ్చిన యాక్టివ్ పరిశోధనలో 6,706 మంది ఉన్నారు. రక్తం గడ్డకట్టకుండా చూసే మరో రకం మందు వార్ఫరిన్ వాడినవారిలో ఏడాదికి 3.93 శాతం మందికి స్ట్రోక్ లేదా అలాంటి పెద్ద ముప్పు వస్తే, ఈ రెండు బిళ్ళలు వాడినవారిలో 5.60 శాతం మందికి వచ్చింది. ఈసీజీ తీయకుండా రెండు బిళ్ళలు రాస్తే అసలు మందు అందదు.

5. కడుపు మంట బిళ్ళ రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ పైన చెప్పిన ఎంజైమ్‌నే అడ్డుకుంటాయి, క్లోపిడోగ్రెల్ బలాన్ని తగ్గిస్తాయి. పాంటోప్రజోల్‌తో ఆ ఇబ్బంది తక్కువ. అయినా క్లోపిడోగ్రెల్, ఒమెప్రజోల్ ఒకే చీటీలో రావడం నేను మామూలుగా చూస్తూనే ఉన్నాను. నాన్నగారికి నొప్పి బిళ్ళ తోడయ్యాకే కడుపులో రక్తం పోయింది కనుక, మోకాళ్ళ నొప్పికి, నడుము నొప్పికి మందు రాసే డాక్టర్లు కూడా రోగి వాడుతున్న మిగతా మందులేమిటో అడగాలి.

6. ఫార్మసిస్టు ఫోను చేస్తే మాట్లాడండి. ప్రతి ఆసుపత్రీ చీటీ మీద ఒక నంబరు వేయాలి. "ఈ రోగి 90 రోజులు దాటి రెండూ వాడుతున్నారు, కొనసాగించమంటారా?" అని మేము అడిగితే అది మీ మీద ఫిర్యాదు కాదు. మా తోటి దుకాణదారులకు కూడా ఇదే చెబుతున్నాను. షీటు చేతిలో పెట్టే ముందు చీటీ మీద తేదీ చూడండి, లేకపోతే అడగండి. నేను చేసిన తప్పు మీరు చేయకండి.

7. వైద్య ఆరోగ్య శాఖ వారు జిల్లాలోని ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల నుంచి ఏడాదికోసారి ఈ లెక్కలు తెప్పించాలి: చిన్న స్ట్రోక్ వచ్చినవారిలో ఎంతమందికి 24 గంటల్లోపు రెండు మందులూ అందాయి, ఎంతమంది డిశ్చార్జి కాగితంలో ఆపే తేదీ ఉంది, ఎంతమంది రక్తస్రావంతో తిరిగి చేరారు. ఆ లెక్కలు జనానికి తెలియాలి.

వీటిలో కొత్త భవనం, కొత్త యంత్రం, కొత్త బడ్జెట్ అడిగినవి దాదాపు ఏమీ లేవు. కొన్నింటికి కావలసింది ఒక కాగితం, కలం, రెండు నిమిషాల సమయం.

నా వంతుగా నేను ఒకటి మొదలుపెట్టాను. కౌంటరు మీద నల్ల మార్కరు పెట్టుకున్నాను. చీటీలో ఆపే తేదీ ఉంటే క్లోపిడోగ్రెల్ షీటు వెనక వెండి రేకు మీద పెద్ద అక్షరాలతో ఆ తేదీ రాసి ఇస్తున్నాను. తేదీ లేని చీటీ వస్తే మార్కరు మూత తీసి మళ్ళీ పెట్టేయవలసి వస్తోంది. ఏ తేదీ రాయాలో నేను నిర్ణయించలేను. అది మీరే రాయాలి.

అక్టోబరు 29 ప్రపంచ పక్షవాత దినం. ఆ తేదీలోపు మొదటి రెండు విన్నపాల మీదైనా మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. నాలుగు గళ్ళ కాగితం నమూనా నేనే తయారుచేసి ఉంచాను. ఏ ఆసుపత్రి అడిగినా తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
పూర్ణా మార్కెట్ ప్రాంతం, విశాఖపట్నం